నాయన గుండెతోపాటు నడకనూ పరీక్షించిన చోటు

మా నాయనకు 76 ఏళ్లు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని గత ఏడాది ఎకో (గుండె స్కాన్) తీయిస్తే, హార్ట్ ఫెయిల్యూర్, అంటే గుండె రక్తాన్ని సరిగా పంపలేని గుండె వైఫల్యం, తొలి దశలో ఉందని గుండె డాక్టరు చెప్పారు. మందులతో ఆయాసం తగ్గింది, కాళ్ల వాపు తీసింది, కానీ మనిషి మాత్రం తేరుకోలేదు. రోజూ కొండారెడ్డి బురుజు దాకా నడిచి వచ్చే ఆయన వీధి మలుపు దగ్గరే ఆగిపోయేవారు. వయసైంది కదా అని చుట్టాలన్నారు, మేమూ అదే అనుకున్నాం. కర్నూలులో మా ఇంటికి దగ్గరలో ఉన్న ఒక చిన్న ఫిజియోథెరపీ కేంద్రంలో మూడు నెలలు చేయించాక ఆ మాట ఎంత తప్పో అర్థమైంది.

మొదటి రోజు వాళ్లు ఏ యంత్రమూ తగిలించలేదు. చేతులు లేని కుర్చీలో నాయనను కూర్చోబెట్టి, "తాతా, చేతులు ఛాతీ మీద కట్టుకొని, ఆనించకుండా ఐదుసార్లు లేచి కూర్చోండి" అని అక్కడి అమ్మాయి స్టాప్‌వాచ్ పట్టుకుంది. మూడోసారికే ఆయన చేయి తెలియకుండా మోకాలి మీదికి పోయింది. "లేస్తాలేమ్మా, తొందరపెట్టొద్దు" అంటూ మళ్లీ మొదలుపెట్టి పూర్తిచేసేసరికి 21 సెకన్లు పట్టింది. నాలుగు మీటర్ల నడకకు 7 సెకన్లు పట్టింది. నిలకడ పరీక్షతో కలిపి 12కు 6 మార్కులు వచ్చాయి.

వయసుకూ ఈ దుర్బలతకూ తేడా ఉందని, డాక్టర్లు దీన్ని ఫ్రెయిల్టీ అంటారని అప్పుడే తెలిసింది. 2001లో లిండా ఫ్రైడ్ బృందం దీనికి ఐదు గుర్తులు చెప్పింది: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, ఎప్పుడూ అలసట, పిడికిలి పట్టు సడలడం, నడక మందగించడం, కదలిక తగ్గడం. మూడు ఉంటే దుర్బలత కిందే లెక్క. మా నాయనలో నాలుగున్నాయి. ఏడాదిలో 5 కిలోలు తగ్గిన సంగతి మేము గమనించనే లేదు, ఎందుకంటే ఒంట్లో చేరిన నీరు తూకంలో కండ నష్టాన్ని కప్పేసింది. గుండె బలహీనపడితే కండరాలకు రక్తం సరిగా అందదు, ఆకలి మందగిస్తుంది, మనిషి కదలడం మానేస్తాడు, దాంతో కండ ఇంకా కరుగుతుంది. అందుకే ఎకో రిపోర్టు ఒకేలా ఉన్న ఇద్దరిలో దుర్బలత ఉన్నవారే ఎక్కువగా పడిపోతారు, ఆసుపత్రి పాలవుతారు, వారికే ప్రాణాపాయమూ ఎక్కువ.

వ్యాయామం మొదలుపెట్టే ముందు ప్రతిసారీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడటం నాకు బాగా నచ్చింది. లేవగానే బీపీ పడిపోతోందని వాళ్లు రాసిచ్చిన చీటీ చూసి, గుండె డాక్టరు నీటి మాత్ర (ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపే మందు) మోతాదు తగ్గించారు. లేనిపోని ఆశలూ పెట్టలేదు. గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరిన 349 మంది వృద్ధులపై అమెరికాలో జరిగి 2021లో వెలువడిన పరిశోధనలో, ఇలాంటి శిక్షణతో శారీరక సామర్థ్యం బాగా మెరుగుపడినా, మళ్లీ ఆసుపత్రిలో చేరడం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని వాళ్లే ముందుగా చెప్పారు.

లోపాలూ ఉన్నాయి. ఆహారం కాగితంలో ఓట్సు, సూపులే తప్ప సంగటి, జొన్నరొట్టె మాటే లేదు. ఉప్పు తగ్గించమన్నారని నాయన ఊరగాయతోపాటు అన్నమే తగ్గించేశారు. గుడ్డు, పప్పు, ఉప్పు లేని వేయించిన చెనక్కాయలు తినవచ్చని మేము అడిగితే తప్ప చెప్పలేదు. మే నెలలో పదకొండు గంటలకు రమ్మనడం మరీ అన్యాయం, ఎందుకంటే నీటి మాత్ర వేసుకునే పెద్దలకు కర్నూలు ఎండ దెబ్బే చాలు కళ్లు తిరగడానికి. గొడవపడితే ఏడున్నరకు మార్చారు.

పన్నెండు వారాల తర్వాత కుర్చీ పరీక్ష 14 సెకన్లలో ముగిసింది, మార్కులు 9కి చేరాయి. బురుజు దాకా ఇంకా పోలేరు గానీ, పాలప్యాకెట్టు తానే తెచ్చుకుంటున్నారు. విడతకు 350 రూపాయలు తీసుకున్నారు. ఆ కేంద్రం వాకిట్లోని మూడు మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ లేదు. నెల క్రితం చెప్పాను, వేయిస్తామన్నారు, మొన్న సోమవారం వెళ్లినప్పుడు కూడా నాయనను నా భుజం మీదే ఎక్కించాను.