ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్: కొన్నేళ్ల వాడకం తర్వాత

రౌటర్ వెనుక మామూలుగా కేబుళ్లు పెట్టే నాలుగు లాన్ పోర్టులు ఉంటాయి. కంప్యూటర్, టీవీ, ఫైళ్లు దాచుకునే నాస్, ఇంకో గదిలోని వైఫై యాక్సెస్ పాయింట్ కలపగానే అవి నిండిపోతాయి. ఆ తర్వాత ప్రింటర్‌కు గానీ గేమ్ కన్సోల్‌కు గానీ చోటుండదు. మా ఇంట్లో ఆ పరిస్థితి వచ్చినప్పుడు కొన్న ఎనిమిది పోర్టుల గిగాబిట్ స్విచ్ (రౌటర్‌కు కలిపి పోర్టులను పెంచుకునే పెట్టె; గిగాబిట్ అంటే సెకనుకు వెయ్యి మెగాబిట్ల వేగం) కొన్నేళ్లుగా రాత్రీ పగలూ నడుస్తూనే ఉంది. చవక రకమే. ఫ్యాను లేదు, సెట్టింగులు లేవు, అరచేతి కంటే కాస్త పెద్దదైన లోహపు డబ్బా. దీన్ని ఎవరికైనా నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అయితే ఇలాంటివి కొనేటప్పుడు డబ్బు ఎక్కడ మిగుల్చుకోవచ్చో, ఎక్కడ మిగుల్చుకోకూడదో తెలిసి ఉండాలి.

నాది ఏ కంపెనీదన్నది పెద్ద విషయం కాదు. టీపీ-లింక్ టీఎల్-ఎస్‌జీ108, నెట్‌గేర్ జీఎస్308, డీ-లింక్ డీజీఎస్-108 అన్నీ ఈ కోవవే. ఇంటి వాడకంలో వీటి మధ్య వేగంలో తేడా కనిపించదు. డబ్బాల మీద పెద్దగా ముద్రించే '16 జీబీపీఎస్ స్విచింగ్ సామర్థ్యం' కూడా ప్రత్యేకత కాదు. ఎనిమిది పోర్టులు, ఒక్కోటి రెండు వైపులా ఒక గిగాబిట్ చొప్పున లెక్కిస్తే పదహారు వస్తుంది, అంతే. కాబట్టి వారంటీ ఎక్కువ ఉన్నదాన్ని, మీకు దగ్గరలో సులభంగా మార్చి ఇచ్చేదాన్ని తీసుకోండి.

పోర్టుల లెక్క దగ్గర మాత్రం పొదుపు వద్దు. ఐదు పోర్టుల స్విచ్ కొంటే ఐదు పరికరాలు అదనంగా పెట్టుకోవచ్చని చాలామంది అనుకుంటారు. స్విచ్‌లో ఒక పోర్టు రౌటర్‌కు కలిపే కేబుల్‌కు పోతుంది, రౌటర్ వైపు కూడా ఒక పోర్టు అదే కేబుల్‌కు పోతుంది. అంటే నికరంగా పెరిగేవి మూడే. ఎనిమిది పోర్టులదైతే ఆరు పెరుగుతాయి. ధరలో తేడా కొద్దిగానే ఉంటుంది కనుక ఎనిమిదే నయం. ఇప్పుడు మా దాంట్లో ఖాళీగా ఉన్నది ఒక్కటే.

రెండో విషయం, పెట్టె మీద '10/100' అని మాత్రమే ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి. '10/100/1000' అని ఉండాలి. ఈ అంకెలు మెగాబిట్లలో వేగాలు. మా ఇంటర్నెట్ వేగమే వంద మెగాబిట్లు, గిగాబిట్ దేనికి అని అడిగేవారికి నా జవాబు ఒకటే: స్విచ్ ప్రధానంగా పనిచేసేది ఇంటి లోపల. వంద మెగాబిట్ల లైను మీద సెకనుకు పదకొండు, పన్నెండు మెగాబైట్లకు మించి వెళ్లవు (ఎనిమిది బిట్లు ఒక బైటు). గిగాబిట్ మీద 110 దాకా వెళ్తాయి. 50 గిగాబైట్ల ఫొటోలు కంప్యూటర్ నుంచి నాస్‌కు పంపడానికి మొదటిదానిలో గంటకు పైగా పడితే, రెండోదానిలో ఎనిమిది నిమిషాలు చాలు. నాస్‌లోని డిస్కు ఆ వేగాన్ని అందుకోగలిగితే చాలు, ఈ తేడా మీకు రోజూ తెలుస్తుంది.

ఇన్నేళ్లలో నాకు బాగా అర్థమైనది ఏమిటంటే, 'స్విచ్ నెమ్మదిగా ఉంది' అన్న ఫిర్యాదుల్లో ఎక్కువభాగం నిజానికి కేబుల్ మీద చేయవలసినవి. కేబుల్‌లో నాలుగు జంటల తీగలు ఉంటాయి. వంద మెగాబిట్ల పద్ధతి వాటిలో రెండు జంటలనే వాడుకుంటుంది. 1999లో వచ్చిన గిగాబిట్ ప్రమాణం నాలుగింటినీ వాడుకుంటుంది. అందువల్ల వాడని జంటలో ఒక తీగ తెగినా, ప్లగ్‌లో సరిగ్గా నొక్కుకోకపోయినా, పాత వంద మెగాబిట్ల పరికరంతో ఆ లోపం ఎప్పటికీ బయటపడదు. గిగాబిట్ స్విచ్ పెట్టిన రోజే బయటపడుతుంది. అయితే అది లైను పూర్తిగా పడిపోవడంగా కనిపించకపోవచ్చు. చాలా పరికరాలు గిగాబిట్ కుదరనప్పుడు చప్పుడు లేకుండా వందకు దిగిపోతాయి. అంతా పనిచేస్తున్నట్లే ఉంటుంది, వేగం మాత్రం పదో వంతు.

మా ఇంట్లో ఒక గదికి గోడలోంచి వెళ్లే లైను ఇలాగే వందలో ఆగిపోయేది. పోర్టు మార్చినా, కంప్యూటర్ మార్చినా అదే తీరు. చివరికి చూస్తే గోడ దగ్గరి ప్లగ్‌లో గోధుమరంగు తీగ చివరి వరకు చేరనే లేదు. కొత్త ఆర్‌జే45 ప్లగ్ వేసి క్రింప్ చేయగానే (పనిముట్టుతో నొక్కి బిగించగానే) గిగాబిట్ వచ్చింది. దీన్ని పట్టించింది స్విచ్ మీది లైటే. చాలా స్విచ్‌లలో పోర్టు లైటు గిగాబిట్‌కు ఒక రంగులో, అంతకు తక్కువ వేగానికి మరో రంగులో వెలుగుతుంది. కొన్నిటిలో రంగుల తేడా ఉండదు. నా దృష్టిలో ఈ చిన్న సౌకర్యం ఉన్నదాన్ని వెతికి మరీ కొనాలి.

కేబుల్ కొనేటప్పుడు క్యాట్5ఈ లేదా క్యాట్6 రకం ఉంటే చాలు. గిగాబిట్ రెండింటి మీదా వంద మీటర్ల వరకు నడుస్తుంది. ఇంటికి అంతకు మించి అక్కరలేదు. కానీ అది పూర్తి రాగి కావాలి. అల్యూమినియం తీగకు రాగి పూత వేసి అమ్మేవి ఉన్నాయి. వాటి నిరోధం ఎక్కువ, వంచితే త్వరగా విరుగుతాయి. స్విచ్‌లో మిగిల్చిన డబ్బును ఇక్కడ ఖర్చుపెట్టడం న్యాయం.

అమరిక గురించి ఒక మాట. స్విచ్ నుంచి రౌటర్‌కు వెళ్లేది ఒకటే కేబుల్, ఒకటే గిగాబిట్. స్విచ్‌కు ఉన్నవన్నీ రౌటర్‌వైపు వెళ్లేటప్పుడు దాన్నే పంచుకోవాలి. అయితే ఒకే స్విచ్‌కు కలిపిన రెండు పరికరాలు మాట్లాడుకునేటప్పుడు ఆ కేబుల్ జోలికి వెళ్లవు. కాబట్టి నాస్‌ను, దాన్ని ఎక్కువగా వాడే కంప్యూటర్‌ను ఒకే స్విచ్‌కు కలపండి.

ఈ తరగతి స్విచ్‌ల అసలు బలహీనత లూప్. ఒకే కేబుల్ రెండు చివరలూ అదే స్విచ్‌లో పెడితే, అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్ సమాచారం తిరిగి తిరిగి అందులోనే పెరిగిపోతుంది. ఇంటర్నెట్ మీద వెళ్లే ఐపీ ప్యాకెట్‌కు ఉన్నట్లు, స్విచ్ పంపే ఈథర్‌నెట్ ఫ్రేముకు (సమాచారపు ముక్కకు) కాలం తీరే గడువు లేదు కనుక అది తనంతట తాను ఆగదు. మా ఇంట్లో ఒకసారి గది శుభ్రం చేస్తుండగా వేలాడుతున్న కేబుల్ కొసను ఎవరో ఖాళీ పోర్టులో పెట్టారు. ఇల్లంతా నెట్‌వర్క్ ఆగిపోయింది, వైఫైతో సహా. అందరి అనుమానమూ ఇంటర్నెట్ లైను మీదికే పోయింది. గుర్తు మాత్రం స్పష్టంగానే ఉంది: పోర్టు లైట్లన్నీ ఒకే లయలో ఆగకుండా మినుకుమంటున్నాయి. ఆ కేబుల్ తీయగానే సర్దుకుంది. ఒక చివర స్విచ్‌లో ఉండి రెండో చివర వేలాడే కేబుళ్లను ఉంచకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే లూప్‌ను అడ్డుకునే సౌకర్యం ఉన్న స్మార్ట్ స్విచ్‌కు (సెట్టింగులు మార్చుకోగల రకానికి) కాస్త ఎక్కువ పెట్టినా తప్పులేదు.

స్మార్ట్ స్విచ్ తప్పనిసరి అయ్యేది ముఖ్యంగా వీలాన్లు కావాలనుకునేవారికి, అంటే కెమెరాలను, అతిథుల పరికరాలను మిగతావాటి నుంచి వేరుచేయాలనుకునేవారికి. నెట్‌వర్క్ కేబుల్ ద్వారా మల్టీకాస్ట్ టీవీ (ఒకే ప్రసారాన్ని చాలామందికి పంపే పద్ధతి) వచ్చేవారు ఐజీఎంపీ స్నూపింగ్, అంటే ఆ ప్రసారాన్ని అడిగిన పోర్టుకే పంపే సౌకర్యం, ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే ఒక టీవీ చూసే ఛానల్ సమాచారం అన్ని పోర్టులకూ పారుతుంది.

కరెంటు ఖర్చు లెక్కలోకి రాదు, ఐదు వాట్ల లోపే. అయినా అడాప్టర్‌ను తేలిగ్గా తీసుకోకండి. దీనికి ముందు వాడిన ఐదు పోర్టుల స్విచ్ పాడైందనుకుని పారేయబోయాం. అన్ని లైట్లూ ఒక్కసారిగా ఆరి మళ్లీ వెలిగేవి, అదీ ఎక్కువ పరికరాలు పనిలో ఉన్నప్పుడే. అడాప్టర్ మార్చగానే కుదుటపడింది. మార్చేటప్పుడు వోల్టేజీ సరిగ్గా అదే ఉండాలి, ఆంపియర్లు పాతదానికి తగ్గకూడదు, ప్లగ్‌లో ప్లస్, మైనస్ స్థానాలు కలవాలి. లోహపు డబ్బాను ఎంచుకోమనడానికి కారణం కూడా ఇలాంటిదే: ఫ్యాను లేని పరికరానికి వేడిని బయటికి పంపే దారి ఆ ఒళ్లే. దాని మీద పుస్తకాలు, రౌటర్ పేర్చకండి.

కెమెరాలకు, యాక్సెస్ పాయింట్లకు కేబుల్ ద్వారానే కరెంటు ఇచ్చే పీఓఈ రకం ఖరీదెక్కువ. అలాంటి పరికరం ఒకటే ఉంటే కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే ఇంజెక్టర్‌ను విడిగా కొనడం చవక. 2.5 గిగాబిట్ స్విచ్‌లు మంచివే. క్యాట్5ఈ మీదే నడుస్తాయి, సెకనుకు 280 మెగాబైట్ల దాకా ఇస్తాయి. కానీ రెండు చివరల్లోనూ ఆ పోర్టులు లేకపోతే ఆ డబ్బు వృథా. ఉన్నవారు కూడా ఇల్లంతా మార్చనక్కరలేదు. ఆ రెండు పరికరాలకు మాత్రం చిన్న ఐదు పోర్టుల 2.5 గిగాబిట్ స్విచ్ పెట్టి, దాన్నుంచి ఒక కేబుల్ పాత స్విచ్‌కు ఇస్తే సరిపోతుంది. నేను తర్వాత చేయబోయేదీ అదే. టీవీ, ప్రింటర్, యాక్సెస్ పాయింటు మాత్రం ఈ ఎనిమిది పోర్టుల స్విచ్ మీదే కొనసాగుతాయి.