బలపపు రాయితో పోత అచ్చులు: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

తగరంతో లాకెట్లు, బొత్తాలు, చిన్న బొమ్మలు పోయడానికి నేను కొన్నేళ్లుగా బలపపు రాయి అచ్చులే వాడుతున్నాను. బల్ల మీద పట్టే చిన్న సీఎన్‌సీ రౌటర్‌తో, అంటే కంప్యూటర్ నడిపించే చెక్కుడు యంత్రంతో చెక్కుతాను. రబ్బరులా వంగే సిలికాన్ అచ్చు మొదట్లో చక్కగానే ఉంటుంది, కానీ వేడికి అంచులు త్వరగా పాడవుతాయి. రాతి అచ్చు మాత్రం వందల పోతలైనా గీత చెదరకుండా పనిచేస్తుంది.

రాయి కోసం దూరం పోనక్కర్లేదు. కర్నూలు, అనంతపురం వైపు గనులున్నాయి. మన రాచ్చిప్పలు మలిచేదీ ఈ జాతి రాయినే. ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. గోటితో గీస్తే గీత పడాలి. పొరలు కనిపించే రాయి వద్దు, సన్నని గోడలు చెక్కేటప్పుడు పెచ్చులు లేస్తాయి. నీళ్లతో తడిపి ఆరనివ్వండి. పైభాగం ఆరినా నల్లటి గీత ఇంకా మిగిలి ఉంటే అది పగులే, ఆ ముక్క పక్కన పెట్టేయండి.

చెక్కడం హాయిగా ఉంటుంది. 3 మి.మీ. ఎండ్ మిల్‌తో (చదును మొన ఉన్న టూల్) గుంట తీసి, 1 మి.మీ. బాల్ నోస్‌తో (గుండ్రటి మొన ఉన్న టూల్) నగిషీ పూర్తిచేస్తాను. టూల్‌ను తిప్పే స్పిండిల్ నిమిషానికి 10,000 చుట్ల దగ్గర, ఒక్కో దఫా అర మిల్లీమీటరు లోతు చాలు. అంత మెత్తని రాయిలోనూ అక్కడక్కడ గట్టి రేణువులుంటాయి, సన్నని టూల్ విరిగేది వాటి దగ్గరే. గుంట గోడలకు 5 డిగ్రీల వాలు ఇస్తే పోత ముక్క సులువుగా ఊడి వస్తుంది. అక్షరాలు అద్దంలో కనిపించినట్టు తిరగేసి చెక్కాలి. అచ్చుకు ఎదురెదురుగా కలిసే రెండు పలకలుంటాయి, వాటిని గాజు మీద ఎమరీ కాగితం పరిచి రుద్ది, జతచేసి వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తాను. మధ్యలో సందు కనిపించనంత వరకూ రుద్దాల్సిందే, లేకపోతే అంచుల వెంట తగరం రెక్కలు కడుతుంది.

ఈ పద్ధతిలో నాకు నిజంగా టెన్షన్ పెట్టేది దుమ్ము. ఈ రాయి పిండిలా రాలుతుంది. కొన్ని గనుల రాయిలో ఆస్బెస్టాస్ జాతి పీచు కూడా ఉండొచ్చు, కంటితో చూసి చెప్పలేం. అందుకే మంచి ఫిల్టరున్న మాస్కు, టూల్ పక్కనే వాక్యూమ్ గొట్టం లేకుండా మెషిన్ ఆన్ చేయను. ఫ్యాను వేయను, చీపురు పట్టను, తడిగుడ్డతోనే తుడుస్తాను. పిల్లలు తిరిగే గదిలో ఈ పని పెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆ పిండి మెషిన్ పట్టాల్లోకీ చేరుతుంది కాబట్టి వాటిని తరచూ తుడిచి నూనె వేయాలి.

పోతకు ముందు అచ్చును నిదానంగా 120 డిగ్రీలు దాటేదాకా వేడిచేస్తాను. రాయిలో చెమ్మ ఉంటే కరిగిన లోహం తగలగానే ఆవిరై చిమ్ముతుంది, కళ్లు పోతాయి. చల్లటి అచ్చులో తగరం సన్నని గీతల్లోకి పోకముందే గడ్డకడుతుంది కూడా. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, నేను దాదాపు 300 దగ్గర పోస్తాను. లోపల కిరోసిన్ దీపం మసి పట్టిస్తే నగిషీ ఇంకా స్పష్టంగా వస్తుంది. గాలి పోయే దారులు మొదట సూదితో గీసి, ఎక్కడ నిండలేదో చూసి, అక్కడే పెంచుతాను.

కంచు యుగంలో గొడ్డళ్లు సైతం రాతి అచ్చుల్లో పోశారు. నా చిన్న పలకల మీద మాత్రం తగరం దాటి వెళ్లను, అల్యూమినియం వేడి 660 డిగ్రీల పైమాట, హఠాత్తుగా తగిలితే రాయి చీలిపోవచ్చు. లోపలికి మెలిక తిరిగిన ఆకారాలకు సిలికానే మేలు, రెండు పలకల రాయిలోంచి వాటిని బయటికి తీయలేం. మిగతా పనులన్నిటికీ నేను రాయినే ఎంచుకుంటాను. కొనేటప్పుడు ఒక్కో పలక 25 మి.మీ. మందానికి తగ్గకుండా చూసుకోండి, అరిగిన ముఖాన్ని రుద్ది మళ్లీ చెక్కుకోవడానికి వీలుంటుంది.