లోతు కోరుకున్న దారి, అబ్రాము వదిలిన దారి

బైబిల్లోని ఆదికాండము 13వ అధ్యాయంలో అబ్రాము, లోతుల మందలు పెరిగి కాపరుల మధ్య గొడవలొచ్చాయి, విడిపోక తప్పలేదు. పెద్దవాడైనా అబ్రాము ముందు కోరుకొమ్మని సోదరుడి కొడుకు లోతుకే చెప్పాడు.

లోతు నీళ్లు పారే యొర్దాను మైదానం చూశాడు. మంద ఉన్నవాడికి అది సరైన లెక్కే. పక్కనున్న సొదొమ దుష్టత్వానికి పేరుపడ్డ ఊరన్నది మాత్రం పట్టించుకోలేదు. మొదట ఊరి దగ్గర గుడారం, 14వ అధ్యాయానికి ఊళ్లోనే కాపురం, 19వ అధ్యాయంలో ఊరి గవిని (ద్వారం) దగ్గర కూర్చుని ఉన్నాడు. నాకు భయం వేసేది ఈ మెల్లమెల్లగా జారడమే. ఉద్యోగం మారే టెన్షన్‌లో మనం జీతం అడుగుతాం, అక్కడ ఆరాధనకు వీలుంటుందా, పిల్లలు ఎవరి మధ్య పెరుగుతారు అని అడగం.

అబ్రాము హక్కు వదులుకున్నాడు, దేవుణ్ణి వదల్లేదు. లోతు వెళ్లిపోయాకే దేవుడు అబ్రాముతో నాలుగు దిక్కులూ చూడమని చెప్పి, ఆ దేశమంతా ఇస్తానన్నాడు.