చన్ను పట్టని గొర్రెపిల్లకు పాలు పట్టే గొట్టం: ఒక ఈతల కాలం వాడి చూశాక

పొట్టేళ్ళను మందలోకి వదిలిన తేదీని గోడమీద రాసిపెట్టుకుని, అక్కడి నుంచి సుమారు 147 రోజులు లెక్కగట్టి, దానికి వారం ముందు నుంచే కాపలా మొదలుపెట్టినా, తొలి గొర్రె మాత్రం మనం అన్నీ సర్దుకునేలోపే ఈనేస్తుంది. అందుకే ఈసారి గడ్డి, అయోడిన్, చేతి తొడుగులతో పాటు జున్నుపాలు పట్టే గొట్టాన్ని కూడా నెల ముందే తెప్పించుకున్నాను. పెట్టెలో ఉండేవి మూడే వస్తువులు: 60 మి.లీ. పట్టే ప్లాస్టిక్ సిరంజి, దాని మూతికి తొడిగే సుమారు 40 సెం.మీ. మెత్తటి గొట్టం, నాలుగు పేజీల వాడుక పుస్తకం. ఆరు వారాల ఈతల కాలంలో దీన్ని పద్నాలుగు పిల్లలకు వాడాను. ఇందులో గొట్టం మంచిది, సిరంజి ఫరవాలేదు, పుస్తకం మాత్రం ప్రమాదకరమైనది.

ఇలాంటి సాధనం ఎందుకు కావాలో ముందు చెప్పాలి. గొర్రె చూలుతో ఉన్నప్పుడు మాయ గుండా పిల్లకు రోగాలను తట్టుకునే శక్తి చేరదు. పుట్టిన తర్వాత తాగే జున్నుపాలతోనే, అంటే కొందరు ముర్రుపాలు అనే ఆ చిక్కటి తొలిపాలతోనే అది అందుతుంది. ఆ శక్తిని యథాతథంగా పీల్చుకునే గుణం పిల్ల పేగుకు మొదటి కొన్ని గంటల్లోనే ఎక్కువగా ఉండి, గంట గంటకూ తగ్గుతూ, ఒక రోజు గడిచేసరికి దాదాపు పోతుంది. కాబట్టి పుట్టిన రెండు గంటల్లోపు శరీర బరువులో కిలోకు 50 మి.లీ. చొప్పున తొలి పట్టు పడాలి, మొదటి 24 గంటల్లో మొత్తం కిలోకు 200 మి.లీ. పైనే లోపలికి పోవాలి. ఆరోగ్యంగా పుట్టిన పిల్ల తల్లి నాకుతుండగానే తడబడుతూ లేచి పొదుగు వెతుక్కుంటుంది, మన జోక్యం అక్కరలేదు. చిక్కంతా చలికి బిగుసుకుపోయిన పిల్లతోనూ, కవలల్లో చిన్నదానితోనూ, ఈనడం కష్టమై అలసిపోయిన పిల్లతోనూ వస్తుంది. చీకే బలం లేని పిల్ల నోట్లో సీసాతో పాలు పోస్తే అవి కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అలా పోగొట్టుకున్న పిల్లలు వెనకటి సంవత్సరాల్లో నాకు ఉన్నాయి.

మొదటిసారి దీని అవసరం తెల్లవారుజామున మూడు గంటలకు పడింది. తొలిచూలు గొర్రె ఒకటి రెండు పిల్లలను ఈని, పెద్దదాన్ని నాకుతూ చిన్నదాన్ని గడ్డిలోనే వదిలేసింది. దాని నోట్లో వేలు పెడితే చల్లగా తగిలింది, వేలిని చీకే ప్రయత్నం కూడా చేయలేదు. పాత గోనెపట్టాతో ఒళ్ళంతా రుద్ది ఆరబెట్టి, థర్మామీటరు పెట్టి చూస్తే 38 డిగ్రీలు ఉంది. ఉండవలసింది 39కీ 40కీ మధ్య. తల ఎత్తగలుగుతోంది కాబట్టి గొట్టం వేయవచ్చు. బరువు మూడు కిలోలు తూగింది, అంటే 150 మి.లీ. కావాలి. తల్లిని మూలకు ఒత్తి పట్టుకుని పావుగంటసేపు పిండితే ఆ కాస్త జున్నుపాలు దొరికాయి. గిన్నెను గోరువెచ్చని నీళ్ళలో నిలబెట్టి ఆ వేడి తగ్గకుండా చూసుకున్నాను. పొయ్యి మీద నేరుగా కాస్తే జున్నుపాలలోని మేలంతా పాడవుతుంది.

గొట్టాన్ని పిల్ల మూతి నుంచి చివరి పక్కటెముక దాకా పక్కన పెట్టి కొలిచి, అక్కడ గుర్తుగా దారం చుట్టాను. గొట్టం మీద ముందే గుర్తులు ముద్రించి ఉంటే ఈ పని తప్పేది. పిల్లను ఒళ్ళో పెట్టుకుని, నోటి పక్క నుంచి నాలుక మీదుగా గొట్టాన్ని నెమ్మదిగా జార్చితే అది నమిలినట్టు దవడ ఆడిస్తూ దానంతట అదే మింగింది. బయటి చివరను నా చెంపకు ఆనించి ఊపిరి తగలడం లేదని చూసుకుని, మెడకు ఎడమ వైపున గొట్టం చేతికి తెలుస్తోందని తడిమి, ఆ తర్వాతే పాలు పోశాను. ఈ వస్తువులో మెచ్చుకోవలసిన పనితనమంతా ఇక్కడే ఉంది: గొట్టం చివర నున్నగా, గుండ్రంగా ఉండి, రంధ్రాలు కొసన కాక పక్కలకు ఉండటం వల్ల గొంతు గీరుకోలేదు, వెచ్చని నీళ్ళలో ఒక్క నిమిషం ముంచితే ఎటు వంచితే అటు వంగేంత మెత్తబడింది. నేను పూర్వం వాడిన గట్టి గొట్టంతో పోలిస్తే ఇది చాలా మెరుగు. రెండు గంటల తర్వాత వెళ్ళి చూసేసరికి ఆ పిల్ల తల్లి కాళ్ళ మధ్య దూరి తోక ఆడిస్తోంది.

ఇక పుస్తకం సంగతి. అందులోని బొమ్మలో ఒక చేయి సిరంజి వెనకనున్న దట్టును నొక్కి పాలు లోపలికి తోస్తూ ఉంటుంది. అలా చేయనే కూడదు. వేగంగా తోసిన పాలు కడుపులో నిలవక గొంతులోకి ఎగదన్ని శ్వాసనాళంలోకి దిగే ప్రమాదం ఉంది. సరైన పద్ధతి ఏమిటంటే, దట్టును పూర్తిగా తీసి పక్కన పెట్టి, సిరంజిని గరాటులా పిల్ల తలకన్నా కాస్త ఎత్తులో పట్టుకుంటే పాలు వాటి బరువుతో అవే దిగిపోతాయి. అయిపోయాక గొట్టాన్ని వేళ్ళతో నొక్కి పట్టుకుని ఒక్క ఊపులో తీసేస్తే మిగిలిన చుక్కలు గొంతులో రాలవు. ఇవేవీ పుస్తకంలో లేవు. ఇంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉంది: ఒంటి వేడి 37 డిగ్రీలకన్నా తగ్గిన పిల్లకూ, స్పృహ లేక తల వాల్చేసిన పిల్లకూ గొట్టంతో పాలు పట్టకూడదన్న హెచ్చరిక ఎక్కడా కనిపించదు. పుట్టి కొద్ది గంటలే అయిన పిల్లనైతే ముందు వెచ్చబరచి, ఆపైన పాలు పట్టాలి. అయిదు గంటలు దాటిన పిల్లలో నిల్వ ఉన్న శక్తి అప్పటికే ఖర్చైపోయి ఉంటుంది కనుక, గ్లూకోజు ఇంజెక్షన్ పడకుండా వెచ్చబరిస్తే వణుకుతూ మూర్ఛ వచ్చి పోవచ్చు. అది పశువైద్యుల దగ్గర ముందుగా నేర్చుకుని ఉండవలసిన పని. ఇంత ముఖ్యమైన విషయానికి చోటు దొరకని పుస్తకంలో తయారీదారు గొప్పలకు ఒక పేజీ అంతా దొరికింది.

సిరంజికీ గొట్టానికీ మధ్య అతుకు రెండో వారానికే వదులైంది. మరిగే నీళ్ళలో వేసి శుభ్రం చేయడం వల్ల సాగిందని నా అనుమానం. ఒక పిల్ల కాలు విదిల్చినప్పుడు సిరంజి ఊడి, పిండటానికి పావుగంట పట్టిన పాలు నా మోకాలి మీద ఒలికాయి. పాలు పోతే పోయాయి, గొట్టం చివర చేతిలో లేకపోతే అది పిల్ల గొంతులోకే జారిపోయేది. అప్పటి నుంచి అతుకు మీద రెండు వేళ్ళు వేసి పట్టుకోవడం అలవాటైంది. సిరంజి మీది అంకెలు పది రోజులకే చెరిగిపోయాయి, కత్తి మొనతో గీతలు గీసుకున్నాను. దట్టు బిగుసుకుపోతోందని దాని రబ్బరుకు నూనె రాసింది మాత్రం నా తెలివితక్కువ పనే, అది ఉబ్బి ఇక లోపలికే పోలేదు. వాడకూడని భాగమే కాబట్టి బాధపడలేదు.

శుభ్రం చేయడం తేలికే గాని, దానికి సమయం దొరకడమే కష్టం. ఆ రోజుల్లో తెల్లవారగానే రాత్రి ఈనినవాటిని తల్లీపిల్లలుగా విడివిడి గదుల్లోకి చేర్చాలి, ప్రతి పిల్ల బొడ్డునూ అయోడిన్‌లో ముంచాలి, తల్లి చన్నుల్లోని బిరడా విడిపించి పాలధార వస్తోందా అని పిండి చూడాలి, మాయ పడిందో లేదో వెతకాలి, తల్లికీ పిల్లలకూ ఒకే అంకె వేసి పుస్తకంలో ఎక్కించాలి, తడిసిన గడ్డి తీసి కొత్తది పరచాలి, ఒకటి రెండు రోజులు గదిలో ఉండి పిల్లను బాగా గుర్తుపట్టిన తల్లులను బయటికి వదిలి గదులు కడగాలి. ఇవన్నీ అయ్యేలోపు మరొకటి ముక్కడం మొదలుపెడుతుంది. ఇంత హడావుడిలో గొట్టాన్ని నీళ్ళతో తొలిచేసి కొక్కేనికి తగిలిస్తే చాలనిపిస్తుంది, కాని లోపల అంటుకున్న జున్నుపాలు ఎండితే గోరుతో గీకినా రావు. వాడిన వెంటనే చల్లటి నీళ్ళు, తర్వాత సబ్బు కలిపిన వేడినీళ్ళు, ఆపైన క్రిమిసంహారక ద్రావణం, ఈ వరుస తప్పకూడదు.

గొట్టం వేయడం చేతనైన కొత్తలో కొంచెం మందకొడిగా ఉన్న ప్రతి పిల్లకూ వేయబుద్ధి అయింది. అది పొరపాటని తొందరగానే తెలిసింది. కడుపు నిండిన పిల్ల పొదుగు వెతకదు, వెతకని పిల్లను తల్లి పట్టించుకోదు. అందుచేత ఇప్పుడు ముందు పిల్లను చన్ను దగ్గర పెట్టి, రెండు చుక్కలు నోట్లో పిండి చూసి, అప్పటికీ పట్టకపోతేనే కొక్కెం వైపు వెళ్తున్నాను.

విరేచనాలైన పిల్లకు వాడిన గొట్టాన్ని అప్పుడే పుట్టినదానికి వాడటం మంచిది కాదు గనుక విడి గొట్టాలు కావాలని తయారీ సంస్థకు రెండుసార్లు రాశాను. విడిగా అమ్మబోమని, పూర్తి పెట్టెలే కొనుక్కోవాలని జవాబు వచ్చింది. అతుకు వదులైనదాన్ని పారేసి, వచ్చే ఈతలకు రెండు పెట్టెలు తెప్పించాను. జబ్బు పిల్లల గొట్టానికి ఎర్రదారం కట్టి దొడ్డికి అవతలి గోడన వేరే మేకుకు తగిలించాను. రెండు పుస్తకాల్లోనూ బొమ్మ ఉన్న పేజీని చింపేశాను.