హంగేరి పాప్రికా పొడి: రంగుంది, రుచుంది, కారం మాత్రం అడగొద్దు

పెద్దకూరను హంగేరి వాళ్లలా వండుదామని ఈ తియ్యటి మిరప పొడి ఆన్‌లైన్‌లో తెప్పించాను. వంద గ్రాముల డబ్బా. మహబూబ్‌నగర్‌లో నేను అడిగిన చోట దొరికింది పొగబెట్టిన స్పెయిన్ రకం. అది వేస్తే కూరంతా పొగ వాసనే.

మూత తీస్తే తుమ్ము రాదు. ఘాటు కన్నా పండు వాసన ఎక్కువ. నాలుక మీద వేసుకుంటే ముందు తీపి, చివర్లో సన్నటి చేదు. హంగేరిలో పాప్రికాకు సెగెడ్, కలొచ ఊళ్లు పేరుమోసినవి. సెగెడ్‌లోనే శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ గ్యోర్గీ ఈ మిరపల నుంచి విటమిన్ సి తీశాడు, 1937లో నోబెల్ వచ్చింది. రెండు గంటలు ఉడికాక అందులో ఎంత మిగులుతుందన్నది వేరే ముచ్చట.

ఇక వంట. కిలో కాలి కండకు అరకిలో ఉల్లిగడ్డ. అక్కడ పంది కొవ్వు వాడతారు, నేను మాంసానికున్న కొవ్వునే కరిగించాను. ఉల్లిగడ్డ ఎర్రబడకుండా మెత్తగా గుజ్జు కావాలి. అప్పుడు గిన్నె పొయ్యి మీద నుంచి దించి, ఆ తర్వాతే పొడి వేయాలి. ఇందులో చక్కెర ఎక్కువ కాబట్టి వేడి నూనెలో చూస్తుండగానే మాడి చేదెక్కుతుంది. మూడు పెద్ద చెంచాలు వేసి కలిపి, వెంటనే మాంసం, కాసిన్ని నీళ్లు. ఉప్పు, కొంచెం షాజీరా, ఒక టమాటా, ఒక క్యాప్సికం. అంతే. అల్లం ఎల్లిగడ్డ లేదు, ధనియాల పొడి లేదు, గరం మసాలా లేదు. మూతపెట్టి సన్న సెగ మీద రెండు గంటల పైనే ఉంచాలి, అడుగంటేలా ఉంటే కొద్దిగా నీళ్లు చల్లాలి. కుక్కర్ వద్దు: ముక్క ఉడుకుతుంది గానీ ఉల్లిగడ్డ కరిగి వచ్చే ఆ చిక్కదనం రాదు. వాళ్లు దీన్ని పెర్కెల్ట్ అంటారు. గులాష్ అయితే ఆలుగడ్డలు వేసి చారులా పలచగా చేస్తారు.

గిన్నె దించేసరికి అంచు చుట్టూ ఎర్రటి నూనె తేలింది. అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇంత ఎర్రగున్నది, కారమేది రా?" అంది. పచ్చిమిర్చి నంజుకుంటూ తిన్నది. నాకైతే మాంసం రుచి ఇంత సాఫ్‌గా తెలిసిన కూర ఈ మధ్య లేదు. అక్కడ చిన్న చిన్న పిండి ఉండల నోకెడ్లితో తింటారు. మా ఇంట్లో జొన్నరొట్టెతో బ్రహ్మాండంగా కుదిరింది, అన్నంలో తేలిపోయింది.

ధరే కొంచెం బాధ. ఒక్క వంటకే డబ్బాలో పావు వంతు అయిపోతుంది. కర్ణాటక నుంచి మన వైపు వచ్చే బ్యాడిగి మిర్చి గింజలు తీసి పట్టించుకుంటే రంగు దాదాపు వస్తుంది, ఆ తీపి రాదు. గుంటూరు కారం ఈ కొలతకు వేస్తే మాత్రం మీ ఇష్టం. ఇంకో చిరాకు, దిగుమతిదారు అంటించిన స్టిక్కర్ సరిగ్గా తయారీ తేదీ మీదే పడింది. గోరుతో గీకితే అంకెలు కూడా ఊడొచ్చాయి. పాతబడితే రంగు, వాసన రెండూ పోయే సరుకు ఇది, తేదీ కనబడకపోతే ఎట్లా?

ఐదుకు నాలుగు స్టార్లు, ఒకటి కోసింది ఆ స్టిక్కర్‌కే. వెలుతురు తగలకుండా ఫ్రిజ్‌లో పెట్టాను. ఈసారి ఇదే చిన్న డబ్బా, అమ్మ కోసం వాళ్లదే కారం రకం ఒకటి తెప్పిస్తాను.