తోలు కుట్టే టూల్ సెట్ కొనేవాళ్లు ఆగండి: కొట్టి చూసుకోమన్న మనిషే, కొట్టారు కాబట్టి వాపసు లేదన్నాడు

పాలకొల్లు, నరసాపురం, భీమవరం చుట్టుపక్కల ఇంట్లో తోలు పని చేసుకునేవాళ్లందరికీ చెబుతున్నాను. రాజమండ్రి నుంచి వాట్సాప్‌లో టూల్ సెట్లు అమ్మే ఆయన ఎవరో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. ఆయన దగ్గర ఆ పెద్ద సెట్టు మాత్రం కొనకండి. నావి 3,600 రూపాయలు పోయాయి. ఫోన్ పెట్టేసి గంట కూడా కాలేదు, చేతులు ఇంకా వణుకుతున్నాయి.

మా అన్నయ్య కొడుకు బేస్‌బాల్ ఆడతాడు. వాడిది ఎడమచేతి వాటం. బంతి ఎడమచేత్తో విసురుతాడు కాబట్టి బంతి పట్టే తోలు గ్లవ్ కుడిచేతికి కావాలి. ఇక్కడి స్పోర్ట్స్ షాపుల్లో ఉన్నవన్నీ ఎడమచేతికి తొడిగేవే. నేను ఎలాగూ పర్సులు, బ్యాగులు కుడతాను కదా, గ్లవ్ కూడా నేనే కుడతానన్నాను. చెన్నై నుంచి మంచి ఆవు తోలు తెప్పించాను. కావలసిందల్లా పనిముట్లు.

బ్యాగుకు సరిపోయేవి గ్లవ్‌కు సరిపోవు. వేళ్ల అతుకుల దగ్గర రెండు తోళ్ల మధ్య సన్నటి తోలు పట్టీ పెట్టి, లోపలివైపు బయటికి ఉండేలా కుట్టి, ఆ తర్వాత ఒక్కో వేలూ తిరగేయాలి. మూడు పొరలూ కలిస్తే ఏడు మిల్లీమీటర్ల దాకా మందం వస్తుంది. కన్నాలు కొట్టే పళ్ల ఉలికి పళ్లు పొడుగ్గా, గట్టిగా ఉండాలి. వేలి చివర ఒంపులో రెండు పళ్ల ఉలి లేకపోతే పని జరగదు. ఇదంతా ఆయనకు ఫోన్‌లో వివరంగా చెప్పాను. ఆయన ఎంత మర్యాదగా మాట్లాడాడో! "ఆయ్, మన సెట్టు అందుకేనండి. గట్టి స్టీలు. వచ్చాక ఓసారి తోలు మీద కొట్టి చూసుకోండమ్మా, తేడా వస్తే వెనక్కి పంపించేయండి, డబ్బులు వేసేస్తాను" అన్నాడు. ఆ మాట మీదే డబ్బు పంపాను.

సెట్టు వచ్చింది. ఆయన చెప్పినట్టే, మిగిలిన తోలు ముక్కలు మూడు పొరలు పేర్చి, కింద రబ్బరు షీటు వేసి, ఉలి పెట్టి సుత్తితో కొట్టాను. పళ్లు విచ్చుకుపోయాయి. గట్టి స్టీలైతే మహా అయితే విరుగుతుంది, ఇలా వంగదు. తోలుకు కన్నం పొడిచే ఆరె మొన కూడా వంగి, జారి నా అరచేతిలో దిగింది. ఒకే దారానికి రెండు చివర్లా సూదులు పెట్టి, ఒకే కన్నంలోంచి అటూ ఇటూ లాగే రెండు సూదుల కుట్టుకు మొద్దు మొన సూదులు కావాలి, లేకపోతే రెండో సూది మొదటి దారాన్ని చీల్చేస్తుంది. పెట్టెలో ఉన్నవి మామూలు పదును సూదులు. మైనం పట్టించిన పాలిస్టర్ దారం అన్నది వెలిగించి చూస్తే కరిగి ఉండ కట్టలేదు, కాగితంలా కాలి బూడిదైంది. నూలు దారం! మన తేమలో, అందులోనూ చెమట పట్టే గ్లవ్‌లో, అది ఎన్నాళ్లు ఉంటుంది?

ఫొటోలు పెట్టి ఫోన్ చేశాను. అప్పుడు మొదలైంది.

"పళ్లకు తోలు పీచు అంటుకుని ఉంది, ఇది వాడేసిన సరుకు, తీసుకోను" అన్నాడు. మీరే కదండీ కొట్టి చూసుకోమన్నారు అంటే, "నేనెప్పుడన్నాను? ఎక్కడైనా రాసి ఇచ్చానా?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. మళ్లీ గుర్తు చేయబోతే, "అయినా ఆడదానివి, జాకెట్లు కుట్టుకోక ఈ గ్లవ్‌లెందుకు నీకు? చెప్పులు కుట్టేవాడికి ఇచ్చుకో" అన్నాడు. పక్కన ఎవరో నవ్వారు. అది నాకు స్పష్టంగా వినిపించింది. డబ్బు తీసుకునేదాకా అండీ, అమ్మా. తీసుకున్నాక నువ్వు. ఫోన్ కట్ చేసి నంబరు బ్లాక్ చేశాడు.

నేను నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ల మధ్య పెరిగినదాన్ని. మా అమ్మ చేతి కొక్కెం ఆగగా నేను చూడలేదు. సూదీ దారం పట్టే చేతిని అంత చులకన చేస్తాడా?

ఇక ఆయన తీసిపారేసిన ఆ చెప్పులు కుట్టేవాళ్లలో ఒక పెద్దాయన మా బస్టాండు దగ్గర కూర్చుంటారు. ఆ ఉలి తీసుకెళ్లి ఆయనకే చూపించాను. ఆకురాయితో ఒక్కసారి రుద్దారు. గట్టిపరిచిన స్టీలైతే ఆకురాయి పైన జారిపోతుందట, దీన్ని మాత్రం ఇట్టే కొరికేసింది. "ఇది మెత్తని ఇనుమమ్మా" అన్నారు. తన ఆరె సానపట్టి నా చేతికిచ్చి, పని అయ్యాక తెచ్చివ్వమన్నారు. డబ్బులిస్తే తీసుకోలేదు.

కొనేవాళ్లు సెట్ల జోలికి పోకండి. రెండు పళ్ల ఉలి ఒకటి, ఆరె ఒకటి, మొద్దు సూదులు, గ్లవ్ తాడు లాగడానికి లేసింగ్ సూది, అన్నీ విడివిడిగా తీసుకోండి. దారం మూర ఉన్నా చాలు, ముందు కాల్చి చూడండి. వాపసు మాట వాట్సాప్‌లో రాయించుకోండి, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. ఆన్‌లైన్‌లో అమ్మిన వస్తువు లోపంతో ఉన్నా, చెప్పినట్టు లేకపోయినా అమ్మినవాడు వెనక్కి తీసుకోనని అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. పొద్దున్నే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెడుతున్నాను. ఆయన దగ్గర ఇలాగే పోగొట్టుకున్నవాళ్లు ఉంటే బిల్లు, చాట్ ఫొటోలు దాచిపెట్టి మీరు కూడా ఫిర్యాదు చేయండి.