ఫ్రైడ్ లివర్ అటాక్ వస్తే: బంటు కొట్టాలా, గుర్రాన్ని ఏ5కి పంపాలా?

చెస్‌లో టూ నైట్స్ డిఫెన్స్ అనే ఓపెనింగ్‌లో వైట్ గుర్రం జీ5కి దూకింది, మనం (బ్లాక్) డీ5 ఆడాం, వాడు తన బంటుతో ఆ బంటు కొట్టేశాడు. ఇప్పుడేంటి? ఎఫ్6 గుర్రంతో ఆ బంటు కొట్టాలా, సీ6 గుర్రాన్ని ఏ5కి పంపాలా?

ఖర్చు:
కొడితే బంట్ల లెక్క సరి.
ఏ5కి వెళ్తే ఒక బంటు పోతుంది, బదులుగా మన పావులు చకచకా బయటికొస్తాయి.

రిస్క్:
కొట్టామా, వాడు ఎఫ్7లో గుర్రం బలిచ్చి (ఇదే ఫ్రైడ్ లివర్) క్వీన్‌తో ఎఫ్3 నుంచి చెక్ ఇస్తాడు, డీ5 గుర్రం దక్కాలంటే మన రాజు ఈ6కి, బోర్డు నడిమధ్యకి నడవాలి, అవతల వాడేమో అన్నీ బట్టీపట్టి టకటకా ఆడేస్తుంటాడు, మన క్లాక్ కరిగిపోతుంటుంది, చెమటలు పడతాయి నిజంగా.
ఏ5లో ఆ బాధ లేదు.

కష్టం:
ఏ5కి వెళ్తే ఆ తర్వాత సీ6, హెచ్6, ఈ4 బంటు ఎత్తుల వరుస గుర్తుంటే చాలావరకు గట్టెక్కుతాం.

3 నిమిషాల బ్లిట్జ్ అయితే కళ్లు మూసుకుని ఏ5. లాంగ్ గేమ్, లెక్కకట్టే ఓపిక ఉంటేనే కొట్టండి.